ఆదోని–ఎమ్మిగనూరు పత్తిసీమ: నేల, వాన, మొక్క

కర్నూలు జిల్లా పడమటి కొసన, తుంగభద్రకూ హగరి నదికీ నడుమ ఉన్న మెట్టసీమ ఇది. ఆదోని, ఎమ్మిగనూరు ఇక్కడి పెద్ద ఊళ్లు. రెంటికీ మధ్య దూరం సుమారు 30 కిలోమీటర్లు. ఆదోని బజారుకు పేరుపడితే ఎమ్మిగనూరు మగ్గానికి పేరుపడింది. చుట్టూ కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు, హొళగుంద, హాలహర్వి, ఆలూరు, ఆస్పరి, గోనెగండ్ల మండలాలున్నాయి. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే అంగట్లో వినబడతాయి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఒప్పజెప్పాక పాలన బళ్లారి కేంద్రంగా సాగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రమే ఇటు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలులో, మూడోది అనంతపురంలో కలిశాయి. గీత అలా పడింది గానీ దానికి అటూ ఇటూ ఉన్న రేగడి ఒకటే, దాని మీద పండే పత్తీ ఒకటే. పాత వర్తకులకు జిల్లాలతో పనిలేదు. ఈ సీమ సరుకంతటినీ వాళ్లు ‘వెస్టర్న్స్’ అన్నారు.

మద్రాసు ప్రెసిడెన్సీ పత్తి వ్యాపారంలో ఇలాంటి పేర్లు చాలా ఉండేవి. నంద్యాల, కోయిలకుంట్ల వైపు పండేది నార్తర్న్స్. గుంటూరు, కృష్ణా సీమల్లోని కాస్త ఎర్రజీర ఉన్న పత్తి కోకనాడాస్. దక్షిణాన తిన్నెవెల్లీస్, సేలమ్స్. బొంబాయిలోనో లివర్‌పూల్‌లోనో కూర్చున్న కొనుగోలుదారు ఈ పేరు వింటే చాలు, పోగు పొడవెంత, రంగేమిటి, దాంతో ఏ నంబరు నూలు తీయవచ్చు అన్నది అంచనా వేసుకునేవాడు. కోకనాడాస్ కాకినాడలో పండలేదు, అక్కడ ఓడ ఎక్కింది. పోర్చుగల్‌లో ద్రాక్షసారా కలిపి నిలవజేసే పోర్ట్ వైన్ కథా ఇంతే. ద్రాక్ష పండేది డౌరో లోయలో, పేరు వచ్చింది రేవు పట్టణం పోర్టో నుంచి. ఆ లోయకు 1756లోనే ప్రభుత్వం హద్దులు నిర్ణయించి, గ్రానైటు రాళ్లు పాతించి, ఫలానా నేలలో పండిందే ఈ పేరుతో అమ్మాలని శాసించింది. మన దగ్గరా ఆ ఆలోచన పూర్తిగా లేకపోలేదు. నాసిరకం పత్తిని రైలెక్కించి మంచి పత్తి సీమల్లోకి తెచ్చి కలపకుండా 1923లో కాటన్ ట్రాన్స్‌పోర్ట్ చట్టం వచ్చింది. 1925లో జిన్నింగు, ప్రెస్సింగు మిల్లుల మీద ఇంకో చట్టం వచ్చింది. డౌరోలో హద్దురాళ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వెస్టర్న్స్ అన్న మాట మాత్రం ఆదోని యార్డులో ఈ తరం రైతుకు తెలియదు. అదే నేల, అదే ఆకాశం ఉండగా పేరెందుకు పోయిందో చెప్పాలంటే మొదట ఆ నేల సంగతి చూడాలి.

నల్లరేగడి

నల్లరేగడి అనగానే దక్కను లావా గుర్తుకొస్తుంది. మహారాష్ట్రకు అది నిజమే. ఇక్కడి రేగడికి మాత్రం ఆ లావాతో సంబంధం లేదు, అది ఇంత దూరం రాలేదు. ఆదోని కోటకొండల్లో కనబడే గ్రానైటూ, దానికి తోబుట్టువైన నైస్ రాయీ, అక్కడక్కడా షిస్టూ లక్షల ఏళ్లపాటు శిథిలమై, పల్లాల్లోకి కొట్టుకొచ్చి, సున్నం పాలు ఎక్కువైన చోట బంకమన్నుగా మారాయి. మిట్టల్లో అదే రాయి నీరు నిలవక ఎర్రనేల అయింది. అందుకే ఈ సీమలో ఒకే ఊరి పొలిమేరలో రెండు నేలలూ కనబడతాయి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి చుట్టూ రేగడి హెచ్చు. ఆస్పరి దాటి పత్తికొండ, తుగ్గలి వైపు పోయేకొద్దీ ఎర్రనేల హెచ్చు, వేరుశనగ హెచ్చు.

రేగడి గుణమంతా దానిలోని స్మెక్టైట్ జాతి బంకమన్నులో ఉంది. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. మొదటి వాన నీరు ఆ నెర్రెల్లోంచి నేరుగా లోపలికి దిగుతుంది. నేల ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక మాత్రం నీరు ఇంకడం చాలా నెమ్మదిస్తుంది, వాన గట్టిగా పడితే పైనుంచే పారిపోతుంది. లోపలికి ఒకసారి చేరిన నీటిని అంత తొందరగా వదలదు. మీటరు లోతున్న మంచి రేగడి, మొక్క పీల్చుకోగల నీటిని 150 నుంచి 250 మిల్లీమీటర్ల దాకా పట్టి ఉంచుతుంది. ఈ సీమలో ఏడాది వానలో మూడో వంతు దాకా అన్నమాట. కింద సున్నపు గడ్డలు, పైన క్షారగుణం, భాస్వరమూ జింకూ మొక్కకు అందని తీరు దాని లోపాలు. దున్నడమూ కష్టమే. తడిగా ఉంటే కర్రుకు అంటుకుంటుంది, ఎండితే మడక దిగదు. సరిగ్గా పదును మీద ఉండే రెండు మూడు రోజుల్లోనే పని కావాలి. రేగడి రైతు నోట ‘పదును’ అన్న మాట అన్నిసార్లు రావడానికి కారణం అదే. ఈ నేలలో గుంటకే ప్రధాన పనిముట్టు. పైపొరను గీరి కలుపు కోసి, నెర్రెలు పూడ్చి, లోపలి తేమ ఆవిరి కాకుండా కాపాడుతుంది. గరిక లోతుగా పాతుకుపోయిన పొలానికి పాతకాలంలో నాలుగైదు జతల ఎద్దులు కట్టి పెద్దమడక తోలేవాళ్లు.

వాన

పడమటి కనుమలు అరేబియా మేఘాలను అటే దింపేసుకుంటాయి. ఈ సీమ వాటి వానచాటున ఉంది. తూర్పు తీరం నుంచి వచ్చే వాన కూడా నల్లమల, ఎర్రమల దాటి ఇక్కడికి చేరేసరికి పలచబడుతుంది. వ్యవసాయశాఖ లెక్కల్లో కర్నూలు, అనంతపురం ప్రాంతాలు తక్కువ వర్షపాత మండలం. 500 నుంచి 750 మిల్లీమీటర్లు. డౌరో లోయకూ మరావ్ కొండలు సరిగ్గా ఇలాగే అట్లాంటిక్ వానకు అడ్డు నిలుస్తాయి. అక్కడి షిస్టు రాయి నిలువుగా పగులుతుంది కాబట్టి ద్రాక్ష వేరు ఆ పగుళ్లలో లోతుకు దిగి, ఎండాకాలమంతా అడుగు తేమ మీద బతుకుతుంది. వానచాటు సీమల్లో పంట రుచిని, పోగును తేల్చేది కురిసిన వాన ఒక్కటే కాదు, నేల దాచిన వాన కూడా.

మొత్తం వాన కన్నా అది పడే తీరే ఇక్కడ పెద్ద సమస్య. జూన్‌లో తొలకరి వచ్చి, జూలైలో చెయ్యిచ్చి, ఆగస్టు చివర మళ్లీ అందుకుని, సెప్టెంబరులో గట్టిగా కురుస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనం కాస్త తోడవుతుంది. డిసెంబరు నుంచి మే దాకా ఆకాశం దాదాపు పొడి. ఈ లెక్క తప్పిన ఏడు కరువే. 1876–78 నాటి ధాతు కరువు బళ్లారి, కర్నూలు సీమలను ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసింది. ఈ తీరును బట్టే ఇక్కడ సేద్యం రెండు పాళ్లయింది. తొలకరికి ఎర్రనేలలో విత్తేది ముంగారి. సెప్టెంబరు వానలకు రేగడి బాగా నాని పదునుకొచ్చాక విత్తేది హింగారి.

వెస్టర్న్స్

సాగులో ఉన్న పత్తి జాతులు నాలుగు. హెర్బేసియం, అర్బోరియం పాతప్రపంచానివి, వాటి కణాల్లో 26 క్రోమోజోములు. హిర్సూటం, బార్బడెన్స్ అమెరికా ఖండానివి, 52 క్రోమోజోములు. వెస్టర్న్స్ హెర్బేసియం జాతి. నార్తర్న్స్, కోకనాడాస్ అర్బోరియం. బళ్లారి దగ్గరి హగరి పరిశోధనా క్షేత్రంలో వెస్టర్న్స్ నుంచి ఎంపిక చేసిన మేలురకం హగరి–1. నంద్యాల క్షేత్రం నార్తర్న్స్ నుంచి నంద్యాల–14 తీసింది. ఈ రెండు క్షేత్రాలూ 1906లో మొదలయ్యాయి.

వెస్టర్న్స్ గొప్పదనం దాని కాలంలో ఉంది. పుబ్బ, ఉత్తర కార్తెల్లో, అంటే ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు దాకా గొర్రుతో విత్తేవాళ్లు. నూగు అంటుకున్న గింజలు ఒకదానికొకటి ముద్దకట్టకుండా పేడనీళ్లూ ఎర్రమన్నూ పట్టించి ఆరబెట్టి గొర్రు పైనున్న జడ్డిగంలో వేసేవాళ్లు. సాళ్ల మధ్య కొర్ర ఉండేది. మూడు నెలల్లో కొర్ర కోతకొచ్చి ఇంట్లోకి తిండీ పశువులకు మేతా ఇచ్చేది. అప్పటికి పత్తి ఇంకా చిన్నది, కాకపోతే తల్లివేరు మాత్రం లోతుకు పోయి ఉండేది. వాన వెనక్కి తగ్గాక రేగడి అడుగు తేమ మీద అది నిదానంగా పెరిగి, పూసి, కాసి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య పగిలేది. ఆ నెలల్లో వాన అరుదు. కాయ పగిలినప్పుడు వాన తగిలితే దూది మసకబారుతుంది, ఆకుచెత్త అంటుకుంటుంది. పొడి ఎండలో విచ్చుకున్న పత్తి శుభ్రంగా దిగేది. దాని వెనక ఉన్న ఉపాయం అంతే. నేల కడుపు నిండాక విత్తాలి, ఆకాశం తేటపడ్డాక తీయాలి.

బదులుగా ఈ మొక్క రెండు ఇవ్వలేదు. దిగుబడి తక్కువ, పోగు పొట్టి. పత్తిపోగు అంటే గింజ పైతోలులోని ఒకే ఒక్క కణం సాగి పెరగడం. పువ్వు పూసిన మొదటి మూడు వారాల్లో అది పొడవు పెరుగుతుంది. తరువాతి మూడు నాలుగు వారాల్లో గోడ దళసరి అవుతుంది. పొడవు పెరిగే వేళ నీరు చాలకపోతే పోగు కురచవుతుంది, గోడ కట్టే వేళ మొక్క అలిసిపోతే పోగు పీలగా ఉంటుంది. దాచుకున్న తేమ మీద కాసే పంటకు పొడవైన పోగు ఆశించకూడదు. ఈ పత్తితో వచ్చేది లావు నూలే. ఆదోని నూలు జంఖానాలు పాత బళ్లారి జిల్లాలో పేరుపడ్డాయి. ముతక నూలుకు అంతకన్నా తగిన బట్ట లేదు. మాంచెస్టరుకు మాత్రం ఇది సరిపోలేదు. సన్న నూలుకు పనికొచ్చే అమెరికా పత్తిని ఇండియాలో పండించాలని కంపెనీ 1840ల్లో అమెరికా నుంచి తోటల యజమానులనే పిలిపించింది. ధార్వాడ, హుబ్బళ్లి వైపు అది నిలదొక్కుకుంది, ఎందుకంటే అక్కడ వాన ఎక్కువ. ఇంకాస్త తూర్పుకు వచ్చేసరికి రైతు పాత గింజనే నమ్ముకున్నాడు. అతడిది మొండితనమని అప్పటి దొరలు అనుకున్నారు గానీ, నా లెక్కలో వానల లెక్క వాళ్లకన్నా అతడికే బాగా తెలుసు.

బజారు, మగ్గం

ఆదోని ముందు కోటపట్టణం. విజయనగరం నుంచి బీజాపూరు, మొగలులు, నిజాం, టిప్పు దాకా దానికోసం కొట్టుకున్నారు. మంత్రాలయం ఉన్న మంచాల గ్రామం రాఘవేంద్రస్వామికి దక్కింది ఆదోని నవాబు సిద్ది మసూద్‌ఖాన్ చేతి మీదుగానే. కోటను బజారుగా మార్చింది రైలు. మద్రాసు నుంచి గుంతకల్లు, ఆదోని మీదుగా వచ్చిన పట్టాలు 1871లో రాయచూరులో బొంబాయి పట్టాలను కలుసుకున్నాయి. అమెరికా అంతర్యుద్ధం పత్తి ధరను ఆకాశానికెత్తి, దింపి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. ఆ తరువాత జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు, నూనె మిల్లులు, కమీషన్ మండీలు వచ్చి ఆదోనికి ‘రెండో బొంబాయి’ అన్న పేరు తెచ్చాయి.

ఎమ్మిగనూరుది వేరే దారి. ఇక్కడి నేతగాళ్లు షావుకారు దగ్గర నూలు తెచ్చుకుని, కూలికి నేసి, గుడ్డ అతడికే ఇచ్చేవాళ్లు. 1938లో మాచాని సోమప్ప పూనుకుని చేనేత సహకార సంఘం పెట్టించారు. సంఘం నూలు ఇచ్చి, గుడ్డ కొని, అద్దకం, అమ్మకం తన చేతిలోకి తీసుకుంది. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువ్వాళ్లు దేశమంతా తిరిగి విదేశాలకూ పోయాయి. సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. సహకార సంఘం అంటే అప్పులిచ్చే కార్యాలయం మాత్రమే కాదని ఆంధ్రదేశంలో చూపించిన తొలి సంఘాల్లో ఇదొకటి. తరువాత మరమగ్గాల పోటీకి, నూలు ధరలకు అది నలిగిపోయింది.

ఒక సంగతి గమనించాలి. పొలానికీ మగ్గానికీ మధ్య మిల్లు వచ్చి కూర్చున్నాక ఎమ్మిగనూరు నేతగాడు నేసేది ఎమ్మిగనూరు పత్తే అని చెప్పలేం. శ్రీకాకుళం వైపు పొందూరులో అలా కాదు. అక్కడ స్థానికపు దేశవాళీ పత్తిని వాలుగ చేప దవడ పళ్లతో ఏకి, చేత్తో వడికి, ఆ ఊళ్లోనే నేస్తారు. గింజ నుంచి గుడ్డ దాకా గొలుసు తెగలేదు. డౌరోతో పోల్చదగిన నేలకూ సరుకుకూ ఉన్న ముడి తెలుగునాట ఎక్కడైనా మిగిలిందంటే అది పొందూరులోనే.

మొక్క మారింది

1953లో తుంగభద్ర డ్యాము పూర్తయి, దిగువ కాలువ ఈ సీమలోకి వచ్చింది. కాలువ కింద వరి వచ్చింది, నీరు అందినంత మేర అమెరికన్ పత్తికీ దారి దొరికింది. 1970లో సూరత్ నుంచి హెచ్–4, 1972లో ధార్వాడ నుంచి వరలక్ష్మి సంకరాలు వచ్చాక పొడుగు పోగు పత్తి మెట్టకూ పాకింది. హెర్బేసియం వెనక్కి పోయింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. పదేళ్లు తిరక్కుండానే దేశంలో పత్తి నేల దాదాపు అంతా బీటీ సంకరాల పాలైంది.

కొత్త మొక్కతో కాలం కూడా మారింది. బీటీ సంకరాన్ని జూన్, జూలైల్లో తొలకరికే విత్తుతారు. రేగడి ఇంకా నిండలేదు, జూలైలో వాన చెయ్యిచ్చే కాలం, మొలక అప్పుడే ఎండకు చిక్కుతుంది. తట్టుకుని నిలిచిన చేను అక్టోబరు, నవంబరుల్లో పగులుతుంది. ఈశాన్య వానలు, తుపాను ముసుర్లు సరిగ్గా అప్పుడే. పాత పత్తి తప్పించుకున్న రెండు గండాలకూ కొత్త పత్తి ఎదురు వెళుతోంది. నీరు, ఎరువు అందితే దిగుబడి పాత పత్తికి ఎన్నో రెట్లు. ఆ మాట కాదనలేం, రైతు దాన్ని ఎంచుకున్నది అందుకే. అయితే గింజ ఏటా కొనాలి. పైగా శనగపచ్చ పురుగును ఆపిన బీటీని గులాబీ పురుగు దాటేసింది. బీటీలో రెండో తరమైన బోల్‌గార్డ్–2ను అది తట్టుకుంటోందని 2015 నాటికే తేలింది. పంట జనవరి, ఫిబ్రవరి దాకా సాగితే ఆ పురుగుకు ఇల్లు కట్టిచ్చినట్టే కాబట్టి డిసెంబరుకల్లా చేను ఖాళీ చేయమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు.

మరి రేగడి దాచుకునే సెప్టెంబరు తేమ ఏమైంది? దాన్ని ఇప్పుడు శనగ తాగుతోంది. ఇక్రిశాట్ నుంచి వచ్చిన జేజీ–11 లాంటి పొట్టికాలపు రకాలతో కర్నూలు రేగళ్లలో శనగ విస్తరించింది. అక్టోబరులో విత్తి, పొడి ఆకాశం కింద జనవరి, ఫిబ్రవరిల్లో కోస్తారు. వెస్టర్న్స్ ఖాళీ చేసిన చోటును కాలంతో సహా శనగ ఆక్రమించింది.

పంట మారినా వాన మీద ఆధారం మాత్రం తీరలేదు. వాన తప్పిన ఏడు కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరపచేలకూ తెలంగాణ పత్తిచేలకూ వెళ్తాయి. దీన్ని ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు. పిల్లలూ వెంట పోవడంతో బడులు సగం ఖాళీ అవుతాయి.

ఆదోని బజారు మాత్రం తగ్గలేదు. పొరుగు జిల్లాల నుంచీ కర్ణాటక నుంచీ కూడా పత్తి ఇక్కడికే వస్తుంది. 2022 మొదట్లో క్వింటాలు 10 వేల రూపాయలు దాటింది. 2025–26 మద్దతు ధర పొడుగు పోగుకు రూ. 8,110. భారత పత్తి సంస్థ కొనుగోలు చేసేటప్పుడు తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, 12 శాతం దాటితే తిరస్కారం. అక్టోబరు వానల్లో తీసిన పత్తి ఈ గీత దగ్గరే చిక్కుతుంది. అప్పుడు రైతుకు మిగిలేది ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధర. నేలా వానా తేల్చే సంగతి చివరికి తేమమీటరు అంకెగా తేలుతోంది.

వెస్టర్న్స్ తిరిగి రావాలని ఎవరూ అడగడం లేదు, పొట్టి పోగుకు కొనేవాడు లేడు. కానీ దాని కాలజ్ఞానం పనికొస్తుంది. తక్కువ రోజుల్లో కాసి ఒక్కసారే పగిలే రకాలను దగ్గరగా విత్తే పద్ధతిని నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ వర్షాధార నేలలకు సూచిస్తోంది. కాలువ నీరు అందని ఆదోని, ఎమ్మిగనూరు రేగడి రైతు విత్తనం ప్యాకెట్టు కొనేటప్పుడు దిగుబడి ఎన్ని క్వింటాళ్లన్నది తరువాత చూసుకోవచ్చు, పంటకాలం ఎన్ని రోజులో ముందు అడగాలి.